ఖరగ్‌పూర్‌లో ‘చిట్ ఫండ్’: ఒకే మాట, రెండు అర్థాలు

ఖరగ్‌పూర్ రైల్వే కాలనీలోని తెలుగు ఇళ్లలో ‘చీటీ’ అంటే పెళ్లికో, పిల్లల చదువుకో నెలనెలా కట్టే పొదుపు. బెంగాలీ ఇరుగుపొరుగుకు మాత్రం ‘చిట్ ఫండ్’ అనగానే 2013 ఏప్రిల్‌లో కుప్పకూలిన శారదా గ్రూపు గుర్తొస్తుంది. ఈ రెండూ ఒకటి కావు. రిటైరైనప్పుడు పీఎఫ్, గ్రాట్యుటీ, సెలవుల నగదు ఒకేసారి చేతికొచ్చే రైల్వే ఉద్యోగికి ఈ తేడా తెలియడం చాలా అవసరం.

చట్టం చెప్పే చిట్

చిట్ ఫండ్స్ చట్టం, 1982 ప్రకారం చిట్ అంటే నిర్ణీత సంఖ్యలో సభ్యులు నిర్ణీత కాలం పాటు వాయిదాలు కట్టి, వంతులవారీగా మొత్తం తీసుకునే ఒప్పందం. నడిపే వ్యక్తిని లేదా కంపెనీని ‘ఫోర్‌మన్’ అంటారు. వర్క్‌షాప్ ఊరు కాబట్టి చెప్పాలి, ఈ ఫోర్‌మన్‌కూ ఆ ఫోర్‌మన్‌కూ సంబంధం లేదు.

ఉదాహరణకు 20 మంది, నెలకు రూ.5,000, 20 నెలలు అనుకుందాం. చీటీ విలువ రూ.1,00,000. డబ్బు అవసరమైన సభ్యుడు రూ.20,000 తగ్గించుకుని పాడుకుంటే అతనికి రూ.80,000 వస్తుంది. ఆ రూ.20,000లో ఫోర్‌మన్ కమీషన్ రూ.5,000 పోతే మిగిలిన రూ.15,000ను 20 మందికి పంచుతారు. తలా రూ.750. దీన్నే వాడుకలో ‘డివిడెండ్’ అంటున్నాం. కంపెనీ లాభాల్లోంచి వాటాదారుకు వచ్చే డివిడెండ్ ఇది కాదు. సాటి సభ్యుడు వదులుకున్న డబ్బు. అందుకే 2019 సవరణ దీనికి ‘డిస్కౌంట్‌లో వాటా’ అనే పేరు తెచ్చింది. కమీషన్ పరిమితిని 5 నుంచి 7 శాతానికి పెంచింది కూడా ఆ సవరణే.

అంటే చీటీలో ‘ఇంత శాతం రాబడి గ్యారంటీ’ అన్న మాటే ఉండదు. ఎవరు, ఏ నెలలో, ఎంతకు పాడారన్నదాన్ని బట్టి లాభం మారుతుంది.

శారదా ఏమిటి?

శారదా సంస్థలు ఏజెంట్ల ద్వారా జనం నుంచి డబ్బు సేకరించి, ఎక్కువ రాబడి లేదా స్థలం, ఫ్లాటు ఇస్తామన్నాయి. అక్కడ పాట లేదు, సభ్యుల వంతులూ లేవు. ఇలా అందరి డబ్బు ఒకచోట చేర్చి, దాని నిర్వహణ మదుపరి చేతిలో లేకుండా నడిపే పథకాన్ని ‘కలెక్టివ్ ఇన్వెస్ట్‌మెంట్ స్కీమ్’ అంటారు. దానికి సెబీ రిజిస్ట్రేషన్ తప్పనిసరి. కొత్తగా చేరినవారి డబ్బుతో పాతవారికి చెల్లిస్తూ పోతే అది ‘పొంజీ’. చేరేవారు తగ్గిన రోజే అది కూలుతుంది. 2014 మేలో సుప్రీంకోర్టు శారదా కేసు దర్యాప్తును సీబీఐకి అప్పగించింది.

ఇలాంటి వసూళ్లను అరికట్టేందుకే 2019లో అనియంత్రిత డిపాజిట్ పథకాల నిషేధ చట్టం వచ్చింది.

కట్టే ముందు అడగాల్సినవి

చీటీ అయితే ఆ గ్రూపుకు రాష్ట్ర చిట్స్ రిజిస్ట్రార్ అనుమతి ఉందా? చీటీ ప్రారంభానికి ముందు ఫోర్‌మన్ రిజిస్ట్రార్ పేరిట సెక్యూరిటీ పెట్టాలి. వివాదం వస్తే వెళ్లాల్సిందీ ఆయన దగ్గరికే. నమోదు లేని చీటీలో ఈ రక్షణలు ఉండవు. నమోదైన చీటీకి కూడా బ్యాంకు డిపాజిట్లకున్న రూ.5 లక్షల బీమా వర్తించదు.

డిపాజిట్ అంటే ఎవరి అనుమతితో తీసుకుంటున్నారు? రిజర్వు బ్యాంకు ‘సచేత్’ పోర్టల్‌లో సంస్థ పేరు వెతకవచ్చు, ఫిర్యాదూ చేయవచ్చు.

పోల్చి చూడటానికి ఒక కొలత ఉంది. అరవై దాటినవారికి పోస్టాఫీసు, బ్యాంకుల్లో దొరికే సీనియర్ సిటిజన్ సేవింగ్స్ స్కీమ్‌లో రూ.30 లక్షల వరకు ఐదేళ్లకు పెట్టవచ్చు. దానికి కేంద్ర ప్రభుత్వ హామీ ఉంది. అంతకంటే చాలా ఎక్కువ వడ్డీ ‘గ్యారంటీ’ అని ఎవరైనా చెబితే, ఆ అదనపు డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో అడగండి. సూటిగా జవాబు రాకపోతే సెటిల్‌మెంట్ డబ్బు మీ ఖాతాలోనే ఉండనివ్వండి.