వెదురు నేల: మేలెంత, కీడెంత?

టేకు చేవదేరడానికి దశాబ్దాలు పడుతుంది. గడ్డిజాతికి చెందిన వెదురు 3 నుంచి 5 ఏళ్లలో కోతకు వస్తుంది. నరికిన పొద మళ్లీ చిగురిస్తుంది.

మేలు: వెదురు పీచును జిగురుతో గట్టిగా అదిమి చేసిన పలకలు టేకు కంటే దృఢమైనవి. చలికాలంలో బండల వలె కాలికి చల్లగా తగలవు.

కీడు: నీరు నిలిస్తే పలకలు ఉబ్బుతాయి, పొడి వేసవిలో కుంచించుకొని సందులు పడతాయి. వెదురులోని పిండిపదార్థం పురుగును ఆకర్షిస్తుంది. కనుక బోరాక్స్, బోరిక్ ఆమ్లాలతో శుద్ధిచేయని సరుకు కొనరాదు. నాసిరకం జిగురు నుంచి హానికరమైన ఫార్మాల్డిహైడ్ వాయువు వెలువడుతుంది.

బిందెలతో నీళ్లు పోసి కడిగే వంటగదికి, వసారాకు, యానాం వంటి తేమ ఊళ్లలో కింది గదులకు షాబాదు, బేతంచెర్ల బండలే శ్రేయస్కరం. తడి తగలని మేడమీది పడకగదికి వెదురు తగినది.