లాగ్ బుక్కుకి అందని నిద్ర

ట్రక్కు ప్రమాదం జరిగితే దర్యాప్తు చేసేవాళ్ళు రోడ్డు మీద టైర్ల గుర్తులు కొలుస్తారు, బ్రేకులు విప్పి చూస్తారు, డ్రైవరు తాగాడేమో పరీక్షిస్తారు. నిద్రలేమిని పట్టించే రక్తపరీక్ష మాత్రం లేదు. బ్రేకు వేసిన గుర్తే కనపడకపోతే కునుకు పట్టిందేమోనని అనుమానిస్తారు. అనుమానం రుజువు కాదు కదా!

అమెరికాలో ట్రక్కు డ్రైవర్ల పనిగంటలకు 1930ల చివర్లోనే హద్దులు పెట్టారు. ఆ గంటలను డ్రైవరే లాగ్ బుక్కులో రాసుకోవాలి. మైలుకింతని జీతం వచ్చే మనిషి అందులో ఎంత నిజం రాస్తాడు? డ్రైవర్లే దానికి ‘కామిక్ బుక్’ అని పేరు పెట్టుకున్నారు.

1990లో నేషనల్ ట్రాన్స్‌పోర్టేషన్ సేఫ్టీ బోర్డు, డ్రైవర్లు మరణించిన 182 ప్రమాదాలను పరిశీలించింది. అన్నిటికన్నా ఎక్కువగా, 31 శాతం, తేలిన కారణం అలసట. మద్యం, మత్తుమందులు కలిపినా దాని తరవాతే. కానీ చనిపోయిన మనిషి ఎప్పుడు పడుకున్నాడో ఎవరు చెప్పాలి? అందుకే 1995 నాటి అధ్యయనానికి బోర్డు డ్రైవరు బతికి బయటపడ్డ ప్రమాదాలనే, అవీ వేరే వాహనం ప్రమేయం లేనివి, 107 ఎంచుకుంది. ప్రమాదానికి ముందు 96 గంటల్లో ఆ డ్రైవరు ఏం చేశాడో కూడగట్టింది. నాకు ఈ చరిత్రలో అసలు మలుపు ఇదే అనిపిస్తుంది. అలసటవల్ల ప్రమాదం చేసినవాళ్ళు చివరిసారి సగటున అయిదున్నర గంటలు పడుకున్నారు, మిగిలినవాళ్ళు ఎనిమిది. ట్రక్కులోని పడక మీద నిద్రను ముక్కలుగా పోవడం కూడా ప్రమాదకరమని తేలింది. అలా పడుకోవడానికి చట్టం అనుమతించిందన్నది వేరే మాట.

2014 జూన్ 7న, అర్ధరాత్రి దాటాక, న్యూజెర్సీ టర్న్‌పైక్ మీద వాల్‌మార్ట్ ట్రక్కు ఒక వ్యాన్‌ను వెనకనుంచి గుద్దింది. హాస్యనటుడు ట్రేసీ మోర్గాన్ తీవ్రంగా గాయపడ్డాడు, తోటి నటుడు జేమ్స్ మెక్‌నెయిర్ మరణించాడు. రోడ్డు పనుల వల్ల వేగపరిమితి 45 మైళ్ళకు తగ్గించిన చోట ట్రక్కు 65లో ఉంది. డ్రైవరు 28 గంటలకు పైగా మేలుకునే ఉన్నాడని దర్యాప్తులో తేలింది. జార్జియాలోని ఇంటినుంచి డెలావేర్‌కి రాత్రంతా, 12 గంటలు, నడుపుకుంటూ వచ్చి డ్యూటీ ఎక్కాడు. లెక్క ప్రకారం 14 గంటల డ్యూటీ హద్దు ఇంకా దాటనేలేదు!

తప్పు డ్రైవరుదే అని తేల్చెయ్యడం సులువు. కాని అంత దూరంలో ఇల్లున్న మనిషి ఎప్పుడు పడుకుని వస్తున్నాడని కంపెనీ కూడా అడగాలి కదా?

2017 డిసెంబరునుంచి చాలా ట్రక్కుల్లో కాగితం లాగ్ బుక్కుల స్థానంలో ఎలక్ట్రానిక్ పరికరాలు తప్పనిసరయ్యాయి. ఇంజను నడిచిన గంటల్ని వాటిలో మార్చడం కష్టం. డ్యూటీ ఎక్కకముందు డ్రైవరు ఎంతసేపు పడుకున్నాడో మాత్రం వాటికీ తెలియదు.