విచారణలో ఉన్న కేసులు, సినిమాలు: సైబరాబాద్ అనుభవం

నానక్‌రామ్‌గూడలో రామానాయుడు స్టూడియో ఉంది. పక్కనే గచ్చిబౌలిలో సైబరాబాద్ పోలీస్ కమిషనరేట్. షూటింగ్ అనుమతులు, బందోబస్తు పేరిట సినిమావాళ్లకూ పోలీసులకూ రాకపోకలు మామూలే. తేలని కేసు వివరాల కోసం ఠాణాకు వెళ్లడం మాత్రం వేరే సంగతి. సైబరాబాద్ పరిధిలో ఇందుకు ప్రసిద్ధ ఉదాహరణ ‘దిశ’ ఉదంతం.

2019 నవంబరు 27 రాత్రి శంషాబాద్ దగ్గర తొండుపల్లి టోల్‌గేటు వద్ద ఒక పశువైద్యురాలు అత్యాచారానికీ హత్యకూ గురయ్యారు. అత్యాచార బాధితురాలి పేరు బయటపెట్టడం నేరం కనుక ఆమెను ‘దిశ’ అని పేర్కొనాలని నాటి కమిషనర్ వి.సి.సజ్జనార్ కోరారు. డిసెంబరు 6 తెల్లవారుజామున చటాన్‌పల్లి దగ్గర నలుగురు నిందితులూ పోలీసు కాల్పుల్లో చనిపోయారు. జనం పోలీసులపై పూలు చల్లారు. 12న సుప్రీంకోర్టు జస్టిస్ వి.ఎస్.సిర్పూర్కర్ అధ్యక్షతన విచారణ కమిషన్ వేసింది. నిందితులే లేరు గనుక అత్యాచారం కేసు కోర్టులో నడిచే అవకాశం పోయింది. ఇక తేలాల్సింది కాల్పుల వ్యవహారం. అందులో పోలీసులే ఒక పక్షం.

సరిగ్గా ఈ దశలో, 2020 ఫిబ్రవరిలో, దర్శకుడు రామ్‌గోపాల్ వర్మ శంషాబాద్ ఏసీపీని కలిసి సినిమా కోసం వివరాలు సేకరించారు. నిందితుల్లో ఒకరి భార్యతోనూ మాట్లాడారు కాబట్టి ఒకవైపే విన్నారనడం అన్యాయం. అయినా రెండు మాటల బరువు ఒకటి కాదు. అప్పటి నేర విచారణ స్మృతి 172వ సెక్షన్ ప్రకారం పోలీసుల చేతిలో ఉండే కేస్ డైరీని చూపించమని నిందితుడే అడగడానికి వీలుండేది కాదు. ఇక చట్టం సంగతికొస్తే, 1971 నాటి కోర్టు ధిక్కార చట్టం లెక్కలో పోలీసు కేసు పెండింగులో ఉన్నట్టు భావించేది చార్జిషీటు పడ్డాకో, కోర్టు సమన్లో వారంటో ఇచ్చాకో. కాల్పుల విషయంలో పోలీసులపై అప్పటికి చార్జిషీటే లేదు.

ఇలాంటి వివాదాల్లో అడ్డుపడింది ఎక్కువగా కోర్టులే. 1993 బొంబాయి పేలుళ్లపై తీసిన ‘బ్లాక్ ఫ్రైడే’ను బొంబాయి హైకోర్టు ఆపింది, అది 2007లో గానీ విడుదల కాలేదు. మిర్యాలగూడ పరువు హత్యపై వర్మే తీసిన ‘మర్డర్’కు 2020లో నల్గొండ కోర్టు బ్రేకు వేస్తే, అసలు పేర్లు వాడొద్దన్న షరతుతో హైకోర్టు దారిచ్చింది. ఆ కేసులో తీర్పు వచ్చింది 2025 మార్చిలో.

దిశ తండ్రి కూడా హైకోర్టుకెక్కారు. చివరికి వర్మ సినిమా ‘దిశ ఎన్‌కౌంటర్’ కాస్తా ‘ఆశ ఎన్‌కౌంటర్’గా పేరు మార్చుకుని 2022 జనవరి 1న విడుదలైంది. కమిషన్ నివేదిక చేరింది ఆ నెలాఖరున. చంపే ఉద్దేశంతోనే కాల్పులు జరిపారనీ, పదిమంది పోలీసులను విచారించాలనీ అది చెప్పింది. మే 20న సుప్రీంకోర్టు నివేదికను బయటపెట్టి, తదుపరి చర్యల బాధ్యతను తెలంగాణ హైకోర్టుకు అప్పగించింది.