హృద్రోగమున్న శునకాలు: మూత్రపిండాల రక్తప్రసరణ పరీక్ష

పొమెరేనియన్ వంటి చిన్న జాతి శునకాలలో వయసు మీరినప్పుడు గుండెలోని మైట్రల్ కవాటం చెడి, రక్తం వెనుకకు కారుతుంది. గుండె బలహీనపడిన కొలదీ మూత్రపిండాలకు చేరే రక్తం తగ్గుతుంది. రక్తపరీక్షలో క్రియాటినిన్ హద్దు దాటేసరికి వాటి పనిశక్తిలో సుమారు 75 శాతం నశించి ఉంటుంది.

డాప్లర్ అల్ట్రాసౌండ్ మూత్రపిండ ధమనులలోని రక్తవేగాన్ని కొలుస్తుంది. గుండె ముడుచుకున్నప్పటి గరిష్ఠ వేగం నుండి, గుండె సడలిక చివరి వేగాన్ని తీసివేసి, శేషాన్ని గరిష్ఠ వేగంతో భాగిస్తే నిరోధ సూచిక వస్తుంది. ఆరోగ్యమున్న శునకంలో ఇది సాధారణంగా 0.7 లోపు ఉంటుంది. పెరిగిన సూచిక హెచ్చరిక మాత్రమే. దానితోనే రోగనిర్ధారణ జరగదు.

ఊపిరితిత్తులలోని నీటిని తగ్గించే ఫ్యూరోసెమైడ్ ప్రాణరక్షకమే. మోతాదు మించితే మాత్రం మూత్రపిండాలకు హాని. పశువైద్యుని సలహా లేక దానిని పెంచరాదు, మానరాదు.