కమాను చెవిలోని రబ్బరు

కందెన వేయని ఎడ్లబండి వచ్చుచున్నచో ఊరంతయు ముందే ఎరిగెడిది. ఆముదములో గడ్డి మసి కలిపి ఇరుసునకు పూయువరకు ఆ కీచుధ్వని మానదు. మోటారు బండ్లు వచ్చిన తొలినాళ్లలోను ఈ బాధ తప్పలేదు. కమాను పట్టీ కొననున్న చెవిలో కంచు బుష్షు, దానిలో ఉక్కు పిన్ను ఉండెడివి. గ్రీజు పట్టింపక నిర్లక్ష్యము చేసినచో రెండును అరిగిపోయెడివి.

గంధకముతో రబ్బరును గట్టిపరచు విధానమును 1839లో చార్లెస్ గుడ్‌ఇయర్ కనుగొనెను. అది కమాను చెవికి చేరుటకు మాత్రము ఎంతో కాలము పట్టెను. 1920ల దశకమున లియోన్ థిరీ అను ఇంజనీరు, రెండు లోహపు గొట్టముల నడుమ రబ్బరును ఒత్తిడితో బిగించి ‘సైలెంట్‌బ్లాక్’ను రూపొందించెను. ఇందులో ఏదియు దేనిని రాచుకొనదు. చక్రము లేచి పడునపుడు రబ్బరే మెలిపడి, మరల తిన్నబడును. రాపిడి లేనిచోట గ్రీజుతో పని యేమి?

అయితే రబ్బరు ముదిసి చిట్లును. చిట్లిన బుష్షుతో చక్రము తన చోట నిలువక స్టీరింగు పక్కకు లాగును. కొత్తది దొరకనిచో ఏమి చేయవలెను? మన దేశమున ఈ చిక్కు ఎదురైన కాలమొకటి కలదు. 1953లో టారిఫ్ కమిషన్ సిఫారసుల ననుసరించి, ఇచ్చట తయారీ ప్రణాళిక లేని కంపెనీలు కార్ల కూర్పును మానవలసి వచ్చెను. 1954లో జనరల్ మోటార్స్ వారి బొంబాయి కర్మాగారము మూతబడెను. కార్లు మాత్రము రోడ్లపైననే యుండెను. ఉత్తరపాడాలో అంబాసిడరు తయారీ 2014లో నిలిచిన పిమ్మట దాని యజమానులకును ఇట్టి చింతయే కలిగినది.

పాత టైరును గుండ్రముగా కోసి, నడుమ రంధ్రము చేసి చెవిలో దూర్చుట మన షెడ్లకు తెలిసిన ఉపాయమే. మేస్త్రీల నేర్పును మేము తక్కువ చేయము. కాని టైరులో దారపు పొరలుండును; అవి విడిపోవును. లేతుపై చెక్కిన నైలాను బుష్షు త్వరగా అరగదు గాని, ప్రతి గతుకును చట్రమునకు అప్పగించును.

1937లో జర్మనీలో ఒట్టో బేయర్ కనుగొన్న పాలియూరితేను ఇంటి పనివారికి కొత్త దారి చూపెను. మైనము పూసిన గొట్టపు అచ్చులో కడ్డీ నిలిపి, రెండు ద్రవములను కలిపి పోసినచో, గట్టిపడిన పిమ్మట బుష్షు చేతికి వచ్చును. కాఠిన్యమును షోర్ అంకెలలో కొలుతురు. ఎక్కువ అంకె చూచి మురియువారు కలరు. మన రోడ్లకు అది తగదని మా అభిప్రాయము. పైగా ఇది గొట్టమునకు అంటుకొనక దానిపై తిరుగును. గ్రీజు పూయనిచో ఎడ్లబండి కీచుధ్వని మరల వినవచ్చును.

రబ్బరు బుష్షు వేయువారు చక్రములు నేల మోపి, బండి బరువు పూర్తిగా దిగిన తరువాతనే నట్టు బిగింపవలెను. జాకీపై నుండగా బిగించినచో, రబ్బరు ఎల్లప్పుడు మెలిపడియే యుండి త్వరలో చినుగును.