నల్లగొండ నీళ్ళను పరీక్షించిన వారు

ప్రత్యేక సంచికకు మన ప్రాంత చరిత్ర మీద ఏదైనా వ్రాయమని సంఘం కార్యదర్శి గారు అడిగినప్పుడు రాజులు, కోటలు వద్దనుకున్నాను. వాటి మీద వ్రాసేవారు చాలామంది ఉన్నారు. ఉమ్మడి నల్లగొండ జిల్లా నీళ్ళ మీద ప్రభుత్వ శాస్త్రజ్ఞులు చేసిన పరిశోధన సంగతి మాత్రం మన వాళ్ళలో వ్రాసినవారు తక్కువ. ఆ పరిశోధనలో మన వంటి చిన్న ఉద్యోగుల చెమట కూడా ఉన్నది. బోరింగు నీళ్ళు సీసాలో పట్టి, ఊరి పేరు చీటీ అంటించి, బస్సులో పరీక్షకు చేరవేసినవారు, బావుల్లోకి టేపు వదిలి నీటి మట్టం రాసుకున్నవారు ఈ సంచిక చదివేవారిలో తప్పక ఉంటారు.

మన నేరేడుచర్ల పేరులోనే చెరువు ఉన్నది. దానికి తోడు సాగర్ ఎడమ కాలువ వచ్చింది. కాబట్టి మిర్యాలగూడ, నేరేడుచర్ల, హుజూర్‌నగర్, కోదాడ వైపు వారికి నీళ్ళంటే వరి, వరి అంటే రైస్ మిల్లు. జిల్లాకు పడమర పక్కన మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు, చండూరు ప్రాంతాల్లో నీళ్ళంటే వేరే అర్థం ఉండేది. అక్కడ ఆ నీళ్ళు తాగిన పిల్లల పళ్ళు పచ్చబడి గారకట్టేవి. పెద్దవాళ్ళకు నడుము వంగి, మెడ బిగుసుకుపోయి, పక్కకు చూడాలంటే మనిషంతా తిరగవలసి వచ్చేది. ఇదే ఫ్లోరోసిస్.

ఈ వ్యాధిని తొలుత చూపించినవి పశువులు. 1930 దశకంలో అప్పటి నెల్లూరు జిల్లాలోని రైతులు తమ ఎడ్లు కీళ్ళు వాచి కుంటుతున్నాయని, కాడి కట్టలేకపోతున్నామని చెప్పుకునేవారు. మనుషుల విషయం 1937లో బయటపడింది. గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన షార్ట్, ఆయన తోటి వైద్యులు దర్శి, కనిగిరి, పొదిలి ప్రాంతాల రోగులను పరీక్షించి, కారణం తాగే నీటిలోని ఫ్లోరైడు అని ప్రకటించారు. ఎముకలను బిగదీసే ఈ వ్యాధి గురించి మన దేశంలో వెలువడిన తొలి నివేదికలలో అది ముఖ్యమైనది. ఎద్దు కుంటినప్పుడే రైతు గ్రహించిన సంగతి కాగితం మీదికి రావడానికి అన్నేళ్ళు పట్టిందన్నమాట.

మన జిల్లా పేరు వైద్యలోకానికి తెలిసినది 1955 డిసెంబరులో. హైదరాబాదు వైద్యుడు ఏ. హెచ్. సిద్దిఖీ గారు ‘నల్లగొండ జిల్లాలో ఫ్లోరోసిస్’ అన్న అర్థం వచ్చే శీర్షికతో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వ్యాసం ప్రకటించారు. చిత్రమేమిటంటే, సరిగ్గా అదే నెల 10వ తేదీన ప్రధాని నెహ్రూ గారు నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేశారు. రోగం ఇదీ అని తెలిసినదీ, మందు కాగల నది నీటికి పునాది రాయి పడినదీ ఒకే నెలలో! ఆ రెండూ కలుసుకోవడానికి ఎన్ని దశాబ్దాలు పట్టిందో చదువరులకు తెలుసు.

1967 ఆగస్టు 4న ఇందిరా గాంధీ గారు కాలువలకు నీళ్ళు వదిలారు. ఎడమ కాలువకు లాల్ బహదూర్ శాస్త్రి గారి పేరు పెట్టారు. ఆ తరువాత మన వైపు మెట్ట పొలాలు మాగాణులైన సంగతి వేరే చెప్పనక్కరలేదు.

ఇక్కడ కథ ఒక మలుపు తిరుగుతుంది. 1970 దశకం మొదట్లో తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు ఫ్లోరైడు గ్రామాలలో కొత్త లక్షణం గమనించారు. కౌమారంలో ఉన్న పిల్లల మోకాళ్ళు లోపలికి వంగి ఒకదానికొకటి రాసుకుంటున్నాయి, పాదాలు దూరంగా పడుతున్నాయి. పాత ఫ్లోరోసిస్‌లో ఎముక గట్టిపడి బిగుస్తుంది. వీరిలో ఎముక పలచబడుతోంది కూడా. కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి గార్లు 1973లో లాన్సెట్ పత్రికలో దీనిని వివరించారు. పాత రోగం కొత్త రూపు ఎందుకు దాల్చినట్లు?

వారి ఆలోచన సాగిన తీరు ఇది. రిజర్వాయరు, కాలువల నుండి ఊట దిగి చుట్టుపక్కల భూగర్భ జలం పైకి లేచింది. నేల క్షారగుణం పెరిగింది. క్షారపు నేలలో పెరిగిన పైరు మాలిబ్డినం అనే లోహాన్ని ఎక్కువగా పీల్చుకుంటుంది. అటువంటి ధాన్యం తిన్నవారి ఒంట్లో నుండి రాగి ఎక్కువగా బయటికి పోతుంది. రాగి తగ్గితే ఎముక పటుత్వం తగ్గుతుంది. దానికి ఫ్లోరైడు తోడైతే పెరిగే కాలు వంగుతుంది. సంస్థవారు వ్యాధి ఉన్న ఊళ్ళ ధాన్యాన్ని, లేని ఊళ్ళ ధాన్యాన్ని తెచ్చి పోల్చారు. వ్యాధి ఉన్నచోట మాలిబ్డినం ఎక్కువ, రాగి తక్కువ అని 1977లో ప్రకటించారు. జొన్న ముఖ్యాహారమైన పేద కుటుంబాలలోనే ఈ వంకర కాళ్ళు ఎక్కువ.

ఈ వాదనలోని ప్రతి లంకెనూ అందరు శాస్త్రజ్ఞులూ ఒప్పుకున్నారని చెప్పను. క్యాల్షియం లోపానికే పెద్దపీట వేసినవారు ఉన్నారు. అయినా నా మట్టుకు నాకు ఇది ధైర్యంగల పరిశోధన అనిపిస్తుంది. ‘ఆధునిక దేవాలయం’ అని పేరుపొందిన సాగర్ వల్ల ఎవరికైనా కీడు జరిగిందా అని ఒక ప్రభుత్వ సంస్థే అడగడం చిన్న సంగతి కాదు. ఆ నీటితో గిడ్డంగులు నింపుకున్న మన వైపు వారికి ఆ ప్రశ్న వినడానికి ఇంపుగా ఉండదు కూడా.

ఇక నీటి రసాయన శాస్త్రజ్ఞుల వంతు. నాగపూరులోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగు పరిశోధన సంస్థ (నీరీ) వారు 1975లో ప్రకటించిన పద్ధతికి ‘నల్లగొండ టెక్నిక్’ అనే పేరు స్థిరపడింది. యంత్రాలు, కరెంటు అక్కరలేదు. నీటిలో సున్నం, బ్లీచింగు పౌడరు, పటిక వేసి బాగా కలపాలి, పిదప మెల్లగా కలియబెట్టాలి. ఫ్లోరైడును పట్టుకున్న తెట్టు అడుగుకు దిగుతుంది. పైన తేరిన నీరు వడగట్టి తాగాలి. సున్నం పటికలో ఇరవయ్యో వంతు చాలు. ఇంట్లో 40 లీటర్ల తొట్టిలోనూ చేసుకోవచ్చు, ఊరంతటికీ ట్యాంకు కట్టీ చేయవచ్చు. ఈ పద్ధతి సముద్రాలు దాటి కెన్యా, టాంజానియా, ఇథియోపియాలకు వెళ్ళింది. అక్కడి రిఫ్ట్ లోయ జనానికీ ఇదే బాధ. మన జిల్లా పేరు ఆఫ్రికా ఇంజనీర్ల నోట నానింది.

కాని ఇంట గెలిచిందా? రోజూ ఏ బావి నీటికి ఎంత పటిక కావాలో తూచి వేయాలి. నీటి గుణం మారితే కొలత మారాలి. నీటి రుచి మారుతుంది. ఫ్లోరైడు నిండిన తెట్టును ఎక్కడో పారబోయాలి. లేబొరేటరీలో ఉపాయంగా తోచినది, పొద్దున్నే కూలికి పోయే ఇల్లాలికి మరో పని అయింది. పద్ధతి తప్పు కాదు. రోజువారీ దానిని నడిపే మనిషికి జీతమూ సరుకూ సమకూర్చడమే అసలు కష్టమని, నిర్వహణ శాఖల్లో పనిచేసినవారెవరైనా చెబుతారు.

అసలు ఈ ఫ్లోరైడు ఎక్కడిది? భూగర్భ శాస్త్రజ్ఞులు రాతినే పరీక్షించారు. 1993లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో నల్లగొండ ప్రాంతపు గ్రానైటు రాళ్ళలో కిలోకు 325 నుండి 3200 మిల్లీగ్రాముల ఫ్లోరిన్ కనిపించింది. ప్రపంచ సగటు కన్నా ఇది చాలా ఎక్కువ. నీటిలో లీటరుకు 20 మిల్లీగ్రాముల దాకా ఉన్న బావులు ఉన్నాయి. అనుమతించే గరిష్ఠ పరిమితి ఒకటిన్నర మాత్రమే! పైగా ఆ రాళ్ళలో క్యాల్షియం తక్కువ. క్యాల్షియం ఉంటే ఫ్లోరైడును పట్టి గడ్డకట్టించేది. మట్టంపల్లి, మేళ్ళచెరువు వైపు సిమెంటు ఫ్యాక్టరీలకు ఆధారమైన సున్నపురాయి నిండా క్యాల్షియమే. ఒకే జిల్లాలో ఒక మూల రాయి విషం వదిలేది, మరో మూల రాయి దానిని పట్టి ఉంచగలిగేది. ఎవరు ఏ రాతి మీద పుట్టారన్నదాన్ని బట్టి కాళ్ళు నిలిచాయి, వంగాయి.

ఇంత తెలిసీ నీళ్ళు రాలేదు. 1996 లోక్‌సభ ఎన్నికలను మన పెన్షనర్లు మరచిపోయి ఉండరు. దుశ్చర్ల సత్యనారాయణ గారి జలసాధన సమితి పిలుపుతో నల్లగొండ స్థానానికి నామినేషన్లు వెల్లువెత్తి 480 మంది పోటీలో నిలిచారు. బ్యాలెట్ పేపరు కాస్తా బ్యాలెట్ పుస్తకం అయింది. మన వైపు అప్పుడు మిర్యాలగూడ లోక్‌సభ స్థానంలో ఉండడం వల్ల ఆ పుస్తకం మడతపెట్టే శ్రమ తప్పింది గాని, అటు డ్యూటీ పడినవారి అవస్థ అడగాలి. ధర్మభిక్షం గారు గెలిచారు. ఆ ఏడే లోక్‌సభ అభ్యర్థి డిపాజిట్టును 500 నుండి 10,000 రూపాయలకు పెంచారు. నీళ్ళు అడిగితే డిపాజిట్టు పెరిగిందని అప్పట్లో నవ్వుకున్నవారు ఉన్నారు.

చివరకు పరిష్కారం పటికలో కాక నదిలోనే దొరికింది. సాగర్ జలాలను ఎత్తి అక్కంపల్లి జలాశయానికి చేర్చడం, అక్కడి నుండి గ్రామాలకు పైపులు వేయడం దశలవారీగా జరిగింది. 2015 జూన్‌లో చౌటుప్పల్‌లో మిషన్ భగీరథ పైలాన్ ఆవిష్కరించారు. తెలంగాణలో ఫ్లోరైడు పీడిత ఆవాసాలు సున్నాకు చేరాయని 2020లో కేంద్రం పార్లమెంటుకు తెలిపింది.

ఆ సున్నా కుళాయి నీటికి సంబంధించినది. అడుగున రాయి అదే, బోరులో నీరు అదే. 1970లలో పోషకాహార సంస్థవారు పరీక్షించిన పిల్లలు ఇప్పుడు అరవై దాటినవారు. మునుపు వంగిన ఎముకను తరువాత వచ్చిన మంచినీరు సరిచేయలేదు. మర్రిగూడ మండలం శివన్నగూడెం వాసి అంశల స్వామిని ఫ్లోరైడు బాధకు సాక్ష్యంగా ఒకప్పుడు ప్రధాని వాజపేయి గారి ముందుకు తీసుకువెళ్ళారు. సాగర్ కాలువలు పారడం మొదలయ్యాక పుట్టినవాడాయన. 2023 జనవరిలో మరణించాడు.