కొంకర్లు పోయిన వేళ్ళు

చలికాలం తెల్లవారుజామున తొట్టి నీళ్ళలో చెయ్యి పెడితే వేళ్ళు కొంకర్లు పోవడం మనందరికీ తెలిసిందే. కాసేపు రుద్దుకుంటే, పొయ్యి దగ్గర కాచుకుంటే సర్దుకుంటాయి. కొందరికి అంత తేలిగ్గా సర్దుకోవు. ఫ్రిజ్‌లోంచి పాల ప్యాకెట్ తీసినా, ఏసీ గదిలో అడుగుపెట్టినా చాలు, ఒకటి రెండు వేళ్ళు కణుపు దగ్గర గీత గీసినట్టు సున్నంలా తెల్లబడతాయి. స్పర్శ పోతుంది. తర్వాత నీలమెక్కుతాయి. చివరికి రక్తం తిరిగొచ్చేటప్పుడు ఎర్రబడి, మంటా సలపరమూ పెడతాయి. అరగంటలో అంతా మామూలు. డాక్టరు ముందు కూర్చునేసరికి చూపించడానికి ఏమీ మిగలదు.

మన డాక్టర్లు రేనాడ్స్ అని పిలిచే ఈ బాధకు మందు వెతికిన చరిత్ర 160 ఏళ్ళ పైబడినది. ఆ చరిత్ర పొడవునా వెంటాడిన చిక్కు ఒక్కటే. దానంతటదే వచ్చి దానంతటదే పోయే జబ్బులో, మందు పనిచేసిందని దేన్ని బట్టి నమ్మాలి?

ఈ బాధకు తన పేరే మిగిల్చిన మోరీస్ రేనో 1862లో 27 ఏళ్ళ యువకుడు. ఆ ఏడు ఆయన పారిస్‌లో తన వైద్య పట్టా కోసం ఒక సిద్ధాంత గ్రంథం సమర్పించాడు. అందులో 25 మంది రోగుల కథలున్నాయి. ఎక్కువమంది స్త్రీలే. ఏ కొద్దిపాటి చలి తగిలినా, నడివేసవిలో కూడా వేళ్ళు పాలిపోయి మొద్దుబారే ఒక ఇల్లాలి కథ వాటిలో ఒకటి. మరికొందరికి వేలి చివర్లు నల్లబడి కుళ్ళిపోయాయి. ఆ రోజుల్లో అవయవం కుళ్ళిందంటే రక్తనాళంలో ఏదో అడ్డుపడిందని అర్థం. కానీ ఈ రోగుల్లో చాలామందికి నాడి చక్కగా కొట్టుకుంటోంది. అడ్డు లేకుండానే రక్తం ఎలా ఆగింది? దానికి పదేళ్ళ ముందే క్లోడ్ బెర్నార్ అనే శాస్త్రవేత్త కుందేలు మెడలో ఒక నరాన్ని కోసి, ఆ వైపు చెవి వెచ్చబడటం చూపించాడు. రక్తనాళాలు నరాల మాట వింటాయని అప్పుడు తేలింది. రేనో ఆ దారినే పోయి, వెన్నుపాములోని నరాల కేంద్రాలు చలికి అతిగా స్పందించి చిన్న రక్తనాళాలను బిగించేస్తున్నాయని వాదించాడు.

కారణం నరాల్లో ఉంటే మందూ అక్కడే ఉండాలి కదా! 1874లో ఆయన మరికొన్ని కేసులు ప్రచురిస్తూ, వెన్ను పొడవునా సన్నటి విద్యుత్ ప్రవాహం పంపి చికిత్స చేసినట్టు రాశాడు. కొందరికి గుణం కనిపించింది. ఈనాటి కళ్ళతో చూసి ఆయన్ని తప్పుపట్టబుద్ధి కాదు. అయితే ఆ గుణం కరెంటుదా, మారిన రుతువుదా, డాక్టరు చూపిన శ్రద్ధదా అని తేల్చే పద్ధతి ఆ తరానికి ఇంకా దొరకలేదు. 1881 వేసవిలో లండన్‌లో అంతర్జాతీయ వైద్య మహాసభ జరిగింది. వైద్యంలో సంశయవాదం గురించి అక్కడ మాట్లాడటానికి రేనో ప్రసంగం సిద్ధం చేసుకున్నాడు. కానీ జూన్ నెలాఖరులోనే, 46 ఏళ్ళకు, కన్నుమూశాడు. ఆ ప్రసంగాన్ని సభలో వేరొకరు చదివారు.

ఇరవయ్యో శతాబ్దపు తొలి ఏళ్ళలో లండన్ సర్జన్ జోనాథన్ హచిన్సన్ ఒక సవరణ చెప్పాడు. ఇది ఒకే జబ్బు కాదు, ఎన్నో జబ్బుల్లో కనిపించే లక్షణమన్నాడు. అందుకే నేటికీ కొందరికి వేరే ఏ జబ్బూ లేకుండా వస్తే ప్రైమరీ అనీ, చర్మం బిగుసుకుపోయే స్క్లెరోడెర్మా వంటి వాటితో కలిసి వస్తే సెకండరీ అనీ విడదీస్తారు. రెండో రకంలోనే వేలి చివర పుండ్లు పడతాయి, ఒక్కోసారి వేలే పోతుంది.

ఆ సెకండరీ కారణాల్లో ఒకటి సుత్తి. అమెరికాలో వృత్తి రోగాల పరిశోధనకు ఆద్యురాలైన ఆలిస్ హామిల్టన్ 1918లో ఇండియానా రాష్ట్రం బెడ్‌ఫర్డ్‌లోని సున్నపురాతి పనివాళ్ళ దగ్గరికి వెళ్ళింది. గాలి ఒత్తిడితో నడిచే సుత్తులు చేతబట్టి రాయి చెక్కేవాళ్ళకు చలి ఉదయాల్లో వేళ్ళు తెల్లబడుతున్నాయి. ఉలి పట్టే ఎడమచేతికి దెబ్బ ఎక్కువ. అదురుడుకూ ఈ తెల్లదనానికీ లంకె ఉందని ఆమె 1918లోనే నివేదించింది. బ్రిటన్ దీన్ని పరిహారం ఇవ్వదగిన వృత్తి రోగంగా గుర్తించడానికి 1985 దాకా పట్టింది. చేతుల మీద బతికేవాళ్ళ చేతుల మాట వినడానికి లోకం ఇంత తాత్సారం చేయడం నాకు మింగుడుపడదు.

మళ్ళీ మందు దగ్గరికి వద్దాం. నరాలదే తప్పయితే నరాన్నే కోసేస్తే సరి అనుకున్నారు సర్జన్లు. 1920ల్లో మేయో క్లినిక్‌లో ఆడ్సన్, బ్రౌన్ ఆ శస్త్రచికిత్స మొదలుపెట్టారు. కాళ్ళకు ఫలితం బాగుండేది. చేతులు మాత్రం కొన్నాళ్ళు వెచ్చగా ఉండి మళ్ళీ మొదటికొచ్చేవి. 1929లో లండన్‌లో థామస్ లూయిస్ దీనికి జవాబు వెతికాడు. వేలి నరాలను మందుతో మొద్దుబార్చి ఆ వేలిని చల్లబరిచాడు. అయినా రక్తనాళం బిగుసుకుంది! లోపం వెన్నులో కాదు, వేలి రక్తనాళంలోనే ఉందన్నాడు. రేనోకూ లూయిస్‌కూ మధ్య నడిచిన ఈ వాదన ఇప్పటికీ పూర్తిగా తీరలేదు. ఇద్దరి మాటలోనూ కొంత నిజముంది.

ఇక్కడ మన దేశపు మొక్క ఒకటి కథలోకి వస్తుంది. సర్పగంధతో రక్తపోటు తగ్గుతుందని బొంబాయి డాక్టర్ రుస్తుం జాల్ వకీల్ 1949లో బ్రిటిష్ హార్ట్ జర్నల్‌లో రాసిన వ్యాసం ప్రపంచాన్ని ఆకర్షించింది. 1952లో స్విస్ కంపెనీ సీబా ఆ వేరులోంచి రెసర్పిన్ వేరుచేసింది. నరాల చివర నిల్వ ఉండే నారడ్రినలిన్‌ను అది ఖాళీ చేస్తుంది కనుక, 1960ల్లో దాన్ని నేరుగా చేతి ధమనిలోకి ఎక్కించి రేనాడ్స్‌కు వాడారు. వేళ్ళు వెచ్చబడ్డాయన్న కబుర్లు ఏళ్ళ తరబడి వచ్చాయి. 1983లో వెలువడిన ఒక పరిశోధన, ఒంటి నిండా దుష్ప్రభావాలే తప్ప చికిత్సగా ప్రయోజనం లేదని తేల్చింది.

అదే 1983లో న్యూ ఇంగ్లాండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఒక చిన్న పరీక్ష అచ్చయింది. రోగులు 15 మందే. రక్తనాళాల గోడల్లోని కండరంలోకి కాల్షియం చొరబడకుండా అడ్డుకునే నిఫెడిపిన్‌ను కొన్నాళ్ళు, చూడటానికి అచ్చం అలాగే ఉండి లోపల మందు లేని ఉత్తుత్తి మాత్రను కొన్నాళ్ళు ఇచ్చారు. ఎప్పుడు ఏది మింగుతున్నదీ రోగికీ తెలియదు, చూసే డాక్టరుకీ తెలియదు. 9 మంది నిఫెడిపిన్‌తో బాగా మెరుగయ్యామన్నారు. ఉత్తుత్తి మాత్రతో అలా అన్నవాళ్ళు ఇద్దరు. రేనో నాటి నుంచి వెంటాడుతున్న ప్రశ్నకు ఇలాంటి పరీక్షలే దారి చూపాయి. రోగి మాటనూ నమ్మారు, ఆ మాటను పక్కన పెట్టి పోల్చడానికి ఇంకో మాటనూ సంపాదించారు.

మందు లేకుండా మనసుతో వేళ్ళను వెచ్చబరుచుకోవచ్చన్న ఆశ కూడా అప్పట్లో గట్టిగానే ఉండేది. వేలికి ఉష్ణోగ్రత కొలిచే పరికరం తగిలించి, అంకె పెరిగేలా సాధన చేయించే బయోఫీడ్‌బ్యాక్ అది. అమెరికా ప్రభుత్వ నిధులతో 313 మంది ప్రైమరీ రోగుల మీద ఏడాది పాటు నడిచిన పరీక్ష ఫలితాలు 2000లో వచ్చాయి. ఉత్తుత్తి మాత్రతో పోలిస్తే వేళ్ళు తెల్లబడే దాడులను నిఫెడిపిన్ 66 శాతం తగ్గించింది. బయోఫీడ్‌బ్యాక్‌కు మాత్రం, దానికి పోటీగా పెట్టిన ఉత్తుత్తి సాధనకు మించిన ప్రయోజనం కనబడలేదు. ఆ 66 శాతం చూసి మురిసిపోవడానికీ లేదు. ఆ తర్వాత 296 మంది పాల్గొన్న 7 పరీక్షలను కలిపి కోక్రేన్ అనే సంస్థ సమీక్షకులు లెక్కగడితే, ఈ కోవ మందులన్నింటికీ కలిపి వచ్చిన లాభం వారానికి సుమారు 1.7 దాడులు తగ్గడమే.

స్క్లెరోడెర్మా ఉన్నవాళ్ళ బాధ ఇంకా తీవ్రం. 1994లో ఫ్రెడరిక్ విగ్లీ బృందం 131 మంది మీద ఐలోప్రాస్ట్ అనే మందు పరీక్ష ఫలితాలు ప్రకటించింది. రోజుకు 6 గంటల చొప్పున వరసగా 5 రోజులు సిరలోకి ఎక్కించారు. దాడులు 39.1 శాతం తగ్గాయి. ఉత్తుత్తి ద్రవం ఎక్కించుకున్నవాళ్ళకూ 22.2 శాతం తగ్గాయి. ఈ రెండో అంకె దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. వాళ్ళెవరూ అబద్ధం చెప్పలేదు. వేళ్ళు నిజంగానే తక్కువసార్లు తెల్లబడ్డాయి. ఎండ పెరగడం, జాగ్రత్త పెరగడం, తన బాధను ఎవరో లెక్కలోకి తీసుకుంటున్నారన్న నెమ్మది, అన్నీ ఆ అంకెలో కలిసే ఉండవచ్చు.

ఈ పరీక్షలన్నిటికీ ఆధారం రోగి చేతి రాత. ఇవాళ ఎన్నిసార్లు వచ్చింది, ఎంతసేపు ఉంది, 0 నుంచి 10 లోపు ఎంత ఇబ్బంది పెట్టింది అని రోజూ నింపే డైరీ. లేజర్లు, థర్మల్ కెమెరాలు వచ్చినా అది పోలేదు. చొక్కా గుండీ పెట్టుకోలేకపోయిన ఉదయాన్ని ఏ కెమెరా చూస్తుంది?

ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్ పరిశోధకులు 2018లో ఇంకో అడుగు వేశారు. చలిలోకి వెళ్ళే ముందు వేసుకునే సిల్డెనాఫిల్ మాత్రను 38 మందికి ఇచ్చి, ఒక్కొక్కరినీ ఒక్కో పరీక్షగా నడిపారు. ఒకే మనిషి కొన్నాళ్ళు మందు, కొన్నాళ్ళు ఉత్తుత్తి మాత్ర. సగటు చూస్తే లాభం స్వల్పం. మనిషికీ మనిషికీ తేడా మాత్రం చాలా ఎక్కువ.

ఆ తేడాకు ఒక మూలం 2023లో కనబడింది. లండన్, బెర్లిన్ పరిశోధకులు యూకే బయోబ్యాంక్‌లోని 5,147 మంది రోగుల జన్యువులను 4,39,294 మంది ఇతరులతో పోల్చి రెండు జన్యువుల పేర్లు చెప్పారు. ఒకటి ఐఆర్‌ఎక్స్‌1. రెండోది ఏడీఆర్‌ఏ2ఏ, రక్తనాళాన్ని బిగించే సంకేతాన్ని అందుకునే గ్రాహకం తాలూకుది. అంటే నరం పంపే సంకేతమూ, దాన్ని అందుకునే రక్తనాళపు గోడా ఒకే చోట కలిశాయి. ఆ గ్రాహకాన్ని అడ్డుకునే మర్టజపిన్ అనే మాత్ర కుంగుబాటుకు వాడుతూ ఇప్పటికే మార్కెట్‌లో ఉంది. దీన్ని రేనాడ్స్‌కు పరీక్షించి చూడాలని వాళ్ళు సూచించారు. అది పనిచేస్తుందో లేదో తేలాలంటే ఉత్తుత్తి మాత్ర పక్కన నిలబెట్టి మళ్ళీ ఒక చలికాలం గడపాలి. తెల్లబడ్డ వేళ్ళతోనే పెన్ను పట్టుకుని మళ్ళీ కొందరు రోజూ డైరీ నింపాలి.